చిల్లగింజ పేరు చెప్పిన నీరు తేరునా?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవ సభలో కావ్యగోష్ఠి జరుగవలెను గాని, త్రాగునీటిని గూర్చిన ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. తెలుగునాట గ్రంథాలయములు పుట్టినది కావ్యపఠనమునకు మాత్రమే కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి చరిత్రతోపాటు ప్రకృతి శాస్త్రములను గూడ తెలుగున అచ్చొత్తించిరి. లోకమున కనుగొనబడిన మేలైన సంగతి పల్లెటూరి వానికి వాని భాషలోనే తెలియవలెనని ఆ మహనీయుల సంకల్పము. ఆ దృష్టితో చూచిన, ఊరివారు త్రాగు నీటి సంగతి గ్రంథాలయమునకు పరాయిది కానేరదు.

మనుధర్మశాస్త్రము ఆరవ అధ్యాయమున ఒక చక్కని దృష్టాంతము కలదు. కతకవృక్షమనగా తెలుగున చిల్లచెట్టు. దాని గింజను అరగదీసి నీటిలో కలిపిన మడ్డి అడుగునకు దిగి నీరు తేరును. అయినను చిల్లగింజ పేరు తలచినంత మాత్రమున నీరు తేరదని ఆ దృష్టాంతమునకు భావము. బాహ్యచిహ్నములు ధరించినంతనే ధర్మము సిద్ధింపదని చెప్పుటకు శాస్త్రకారుడు దీనిని వాడెను. నేడు దీనిని అక్షరాల నీటికే అన్వయింపవలసి వచ్చినది. డబ్బాపై "శుద్ధజలము" అని వ్రాసినంతనే అందలి నీరు శుద్ధము కాదు. యంత్రము గుండ వచ్చినదన్నంత మాత్రమున గాని, సర్కారు నల్లాలో వచ్చినదన్నంత మాత్రమున గాని శుద్ధము కాదు. శుద్ధమో కాదో పరీక్ష చెప్పవలెను. ఆ పరీక్ష నీరు త్రాగు చోటనే జరుగవలెను. ఒకసారి జరిగి ఊరకుండక మరల మరల జరుగవలెను. ఈ ఉపన్యాసమునకు విషయమింతే.

కురవి ప్రాచీనమైన ఊరు. వీరభద్రస్వామి కొలువైన క్షేత్రము. కొరవి గద్యశాసనము వలన తెలుగు వాఙ్మయ చరిత్రలోను దీని పేరు నిలిచినది. ఇట్టి ఊళ్ళకు పూర్వము నీరు చేదబావులనుండియు, చెరువులనుండియు, వాగులలో తోడిన చెలమలనుండియు లభించెడిది. తటాకమును సప్తసంతానములలో నొకటిగా ఎన్నిన జాతి ఇది. ఎండకాలమున చలివేంద్రము పెట్టి బాటసారికి నీరు పోయుట నేటికిని పుణ్యకార్యముగనే ఉన్నది. పెద్దలు నీటిని మడత గుడ్డతో వడియగట్టిరి, కాచి చల్లార్చిరి, రాగిబిందెలో నిలువయుంచిరి. సుశ్రుతసంహితలో నీటిని తేర్చు సాధనములు ఏడు చెప్పబడినవి. వానిలో చిల్లగింజయు, వడియగట్టు వస్త్రమును ఉన్నవి. నీటిని కాచుట, ఎండలో నుంచుట, కాల్చిన ఇనుమును అందు ముంచుట మొదలగు పద్ధతులును అందు కనబడును.

పెద్దల ఆచారములలో వివేకము లేకపోలేదు. కాచిన నీటిని మించిన నిరపాయమైన నీరు నేటికిని లేదు. కాని తేరిన నీరు వేరు, క్రిములు లేని నీరు వేరు. అద్దమువలె మెరయు నీటిలో గూడ రోగబీజములు ఉండవచ్చును. అవి కంటికి కనబడవు; నాలుకకు రుచి తెలియదు; ముక్కునకు వాసన సోకదు. ఊళ్ళకు గత్తర వచ్చిన దినములలో పాడెలు మోసినవారు మోసినట్లే పడిపోయిరని ముసలివారు చెప్పుదురు. ఆ బావుల నీరు మురికిగా ఉన్నదని అప్పుడెవరును అనలేదు. నీరు చూచుటకు తేటగానే ఉండెను.

గత్తరకు మూలమైన సూక్ష్మజీవిని 1884లో జర్మను వైద్యుడు రాబర్టు కాక్ కలకత్తాలో పరిశోధనచేయుచు ఒక చెరువు నీటిలో గూడ కనుగొనెను. చుట్టునున్నవారు ఆ నీటినే త్రాగుచు, ఆ నీటిలోనే బట్టలుతుకుచుండిరి. ఎనిమిదేండ్ల పిదప, 1892లో, జర్మనీ దేశమున హాంబుర్గు నగరమునకు గత్తర వచ్చి ఇంచుమించు 8,600 మంది మరణించిరి. హాంబుర్గును ఆనుకొని ఆల్టోనా అను పట్టణము కలదు. రెండును ఎల్బే నది నీరే త్రాగుచుండెను. హాంబుర్గువారు నది నీటిని వడపోయకయే త్రాగిరి. ఆల్టోనావారు నదికి దిగువన, హాంబుర్గు మురుగంతయు కలిసిన పిదప, నీటిని తీసికొనిరి. కాని ఇసుక పొరల గుండ వడపోసి త్రాగిరి. హాంబుర్గులో గత్తర చెలరేగగా ఆల్టోనా చాలవరకు సురక్షితముగ నుండెను. రెండు పట్టణములు కలియు వీథిలో ఒక వైపు ఇండ్లలో వ్యాధియు, ఎదుటి వైపు ఇండ్లలో ఆరోగ్యమును కనబడెను. వడపోత మహిమ లోకమునకు తెల్లమైనది.

కథ ఇంతటితో ముగిసిన శుద్ధియంత్రమును కొలిచి ఊరకుండవచ్చును. కాని ముగియలేదు. ఆ మరుసటి శీతకాలమున, 1893 ప్రారంభమున, అదే ఆల్టోనాలో గత్తర కనబడెను. కాక్ వెళ్ళి పరీక్షింపగా, చలికి ఇసుక పొర గడ్డకట్టి ఒక వడపోత తొట్టి చెడియుండెనని తేలెను. ఆగస్టులో ప్రాణములు కాపాడిన వడపోతయే శీతకాలమున రోగమును ఇంటింటికి పంచెను. కనుక ప్రతి తొట్టి నుండి వచ్చు నీటిని ప్రతిదినము పరీక్షింపవలెననియు, ఒక ఘనసెంటీమీటరు నీటిలో 100కు మించి సూక్ష్మజీవులున్నచో దానిని ఊరిలోనికి వదలరాదనియు కాక్ నిర్ణయించెను. శుద్ధిచేసిన నీటిని ఎడతెగక పరీక్షింపవలెనను నియమమునకు బలము చేకూరినది ఇట్లు.

ఇక ఈ ప్రాంతమునకు వత్తము. 2016 ఆగస్టు 7న గజ్వేలు నియోజకవర్గములోని కోమటిబండ వద్ద ప్రారంభమైన మిషన్ భగీరథ పథకముతో గోదావరి, కృష్ణా జలములు తెలంగాణ పల్లెలకు గొట్టముల గుండ రాసాగెను. ఆడువారు మైళ్ళకొలది బిందెలు మోయు కష్టము చాలవరకు తీరినది. ఇది సామాన్యమైన మేలు కాదు. మరొకవంక ఊరూర వాటర్ ప్లాంట్లు వెలసి 20 లీటర్ల డబ్బాలు ఇంటింటికి చేరుచున్నవి. పాత వరంగల్లు జిల్లాలోని గంగదేవిపల్లి వంటి గ్రామములలో ప్రజలే సంఘముగా ఏర్పడి శుద్ధజల కేంద్రమును నడుపుకొని పేరు తెచ్చుకొనిరి. నీరు వచ్చినది. ఇప్పుడు ప్రశ్న ఏమనగా, శుద్ధిచేసిన చోట ఎట్లున్నదో, నోటికి చేరిన చోట అట్లే ఉన్నదా?

ఒక నీటి చుక్క నడుచు దారిని లెక్కింపుడు. శుద్ధికేంద్రము నుండి పెద్ద గొట్టము, అందుండి ఊరి ట్యాంకు, అందుండి వీథి గొట్టము, నల్లా, బిందె, కుండ, చివరకు చెంబు. ఎనిమిది చేతులు మారిన సొమ్ము వంటిది ఈ నీరు. మొదటి చేతిలో సరిగా ఉన్నదని చివరి చేతిలో గూడ సరిగా ఉన్నదని ఏ లెక్కలవాడును వ్రాయడు. వీథి గొట్టము మురుగుకాలువ ప్రక్కగా పోవును. నీరు వదలనప్పుడు గొట్టము ఖాళీయగును. అప్పుడు పగులున్న చోట బయటి మురుగు లోనికి ఈడ్చుకొనబడును. ట్యాంకు మూత తెరచియున్న పిట్టలు, తొండలు పడును. నల్లా గుంటలోనికి దిగియున్న వాన మురుగు అందు చేరును. బిందె కడిగిన చేయి శుభ్రము కాకున్న నీరును కాదు.

ఇవి ఊహలు కావు. 2009 మే నెలలో హైదరాబాదు మహానగరమున భోలక్‌పూరు ప్రాంతమున త్రాగునీటి గొట్టములలో మురుగు కలిసి పలువురు మరణించిరి. వందలమంది ఆసుపత్రుల పాలైరి. 2018 మార్చిలో గుంటూరు నగరమున ఆనందపేట ప్రాంతమున కలుషిత జలము వలన అతిసారము ప్రబలి ప్రాణములు పోయెను. ఈ రెండును నగరములే. రెండు చోట్లను నీటి శుద్ధికేంద్రములు కలవు. శుద్ధికేంద్రము దాటిన పిమ్మటనే ఆపద వచ్చినది.

డబ్బానీటి సంగతియు చూడవలెను. ఆర్.ఓ. యంత్రములోని పొర చాల సన్నని రంధ్రములు గలది. పొర చిరుగకున్న, అతుకులు కారకున్న లవణములతోపాటు సూక్ష్మజీవులను గూడ అది ఆపును. ఫ్లోరైడు ఉన్న ఊళ్ళలో ఇది మంచి సాధనమే. కాని ఆ నీటిలో సాధారణముగా క్లోరిను మిగులదు. కాపలావాడు లేని ఇంటివలె ఆ నీరుండును. నిలువచేయు తొట్టి కడుగక జారుడు పట్టినను, డబ్బాను వట్టి నీటితో త్రిప్పి మరల నింపినను, మూత తీసి చేయిపెట్టి గ్లాసు ముంచినను క్రిములు సులభముగా నిలద్రొక్కుకొనును. క్లోరిను గల నల్లా నీరు కొంచెము వాసన వేయుననియు, డబ్బానీరు తియ్యగా ఉండుననియు చాలమంది రెండవదానినే శుద్ధమందురు. వాసన కొంచెము వేయు నీరే సురక్షితమై, తియ్యని నీరు అపాయకరమై యుండుట కలదు. నాలుక ఇచ్చు తీర్పు ఇక్కడ చెల్లదు.

అట్లయిన పరీక్ష యెట్లు? రోగక్రిములు పలురకములు. గత్తరకొకటి, టైఫాయిడుకొకటి, రక్తగ్రహణికి వేరొకటి. ప్రతిదానిని విడిగా వెదకుట ఊరివారికే కాదు, ప్రయోగశాలకును కష్టమే. కనుక శాస్త్రజ్ఞులు ఒక ఉపాయము పన్నిరి. ఈ రోగములన్నియు మనుష్యుల మలము నీటిలో కలియుట వలననే ఎక్కువగా వచ్చును. ఆరోగ్యవంతుని ప్రేగులలో సైతము కోట్లకొలది నివసించు ఒక సూక్ష్మజీవి కలదు. 1885లో థియోడోరు ఎషెరిక్ అను వైద్యుడు దానిని వర్ణించెను. అతని పేరుననే దానికి ఎషెరీషియా కోలై అని నామకరణమైనది. వాడుకలో ఈ-కోలై అందురు. ఆ జాతిలో చాలమట్టుకు హాని చేయనివే. అయినను త్రాగునీటిలో అది కనబడినదన్న, మలము ఏదో దారిన నీటిలో చేరినదని సాక్ష్యము చెప్పినట్లే. దొంగ దొరకకున్నను వాని అడుగుజాడ దొరకినట్లు. భారత ప్రమాణము 10500 ప్రకారము 100 మిల్లీలీటర్ల త్రాగునీటిలో ఈ జీవి ఒక్కటియు కనబడరాదు. సీలువేసి అమ్ము నీటికి వేరు ప్రమాణము కలదు. దాని సంఖ్య 14543. అందు 250 మిల్లీలీటర్లలో ఇది ఉండరాదు. ఇక్కడ "కొంచెము ఉన్న ఫరవాలేదు" అను మాట లేదు.

ఒక్క క్రిమిని ఎట్లు చూడగలరు? చూడరు, పెంచుదురు. అనుకూలమైన ఆహారమును, వేడిమియు ఇచ్చినచో ఈ జీవి ఇరువది నిమిషములకు ఒకటి రెండగును. అట్లు ఎనిమిది గంటలు ఆగక పెరిగినచో లెక్క ప్రకారము ఒకటి 1 కోటి 67 లక్షలు దాటును. ప్రయోగశాలలో నీటిని పాలచక్కెర గల పోషక ద్రవముతో గాజు గొట్టములలో పోసి 35 లేక 37 డిగ్రీల వేడిమిలో ఒకటి రెండు దినములుంతురు. క్రిమియున్న గాలి బుడగ పుట్టి, లోపల బోర్లించిన చిన్న గొట్టములో చేరును. తరువాత 44 డిగ్రీల వేడిమిలో మరల పెంచి ఈ-కోలై అగునో కాదో నిర్ధారింతురు. మరొక పద్ధతిలో 100 మిల్లీలీటర్ల నీటిని అతిసూక్ష్మ రంధ్రముల పొర గుండ లాగి, పొరపై చిక్కిన క్రిములను పెంచి, మొలచిన చుక్కలను లెక్కింతురు.

ఇవి పట్టణపు ప్రయోగశాలల పనులు. పల్లెకు తగిన పరీక్షను కనిపెట్టినది భారతీయులే. గ్వాలియరులోని రక్షణశాఖ పరిశోధనాలయమున మాంజా, మౌర్య, రావు అను ముగ్గురు శాస్త్రజ్ఞులు 1982లో దీనిని ప్రకటించిరి. చిన్న సీసాలో మందు పట్టించి ఎండబెట్టిన కాగితపు ముక్క యుండును. అందు గీత వరకు నీరు పోసి, మూత బిగించి, వెచ్చని చోట ఒకటి రెండు దినములుంచవలెను. మలసంబంధమైన క్రిములతో కలిసి తిరుగు కొన్ని సూక్ష్మజీవులు కుళ్ళిన గ్రుడ్డు వాసన గల హైడ్రోజను సల్ఫైడు వాయువును పుట్టించును. అది కాగితములోని ఇనుపలవణముతో కలిసి నల్లనగును. సీసా నల్లబడినదా, ఆ నీరు త్రాగరాదు. విద్యుత్తు అక్కరలేదు, భూతద్దము అక్కరలేదు, చదువురాని అవ్వకును నలుపు తెలియును. ప్రపంచములో అనేక దేశములవారు ఈ పద్ధతిని స్వీకరించిరి.

దీనికి హద్దులున్నవని గూడ చెప్పవలెను. కొన్ని బోరునీళ్ళలో సహజముగనే గంధకపు వాయువుండుట చేత సీసా వెంటనే నల్లబడవచ్చును. అప్పుడు ప్రయోగశాలకు పంపి తేల్చుకొనవలెను. సీసా నల్లబడకున్నంత మాత్రమున వైరసులు లేవనియు, ఫ్లోరైడు లేదనియు అర్థము కాదు. నేడు బాగున్న నీరు రేపు బాగుండునని హామీయు కాదు. పరీక్ష అనునది ఆనాటి నిలువ తేల్చిన చిట్టా. మరునాటి లెక్క మరునాడు వ్రాయవలసినదే.

సీసా పరీక్ష ఫలితము వచ్చునప్పటికి ఒకటి రెండు దినములగును. అంతలో నీరు త్రాగబడును. కనుక ప్రతిదినము చేయదగిన పరీక్ష వేరొకటి కలదు. అది క్లోరిను పరీక్ష. కొంచెము నీటిలో మందు చుక్కలు వేసిన, మందు రకమును బట్టి పసుపురంగు గాని గులాబిరంగు గాని వచ్చును. ఆ రంగును పెట్టెపైనున్న రంగులతో పోల్చి చూతురు. నల్లా చివర లీటరుకు 0.2 మిల్లీగ్రాము క్లోరినైనను మిగిలియుండవలెనని ప్రమాణము. మిగిలినదన్న, దారిలో చేరిన క్రిములను చంపగా ఇంకను కావలి యున్నదని అర్థము. మిగులలేదన్న, మందు చాలలేదో, దారిలో మురికి కలిసినదో విచారింపవలెను. ఈ పరీక్షకు రెండు నిమిషములు చాలును. నీటిని ట్యాంకు క్రింద గాక, ఊరి చివర నల్లాలో, తండాలో, పల్లములోని వాడలో పట్టవలెను. తల వద్ద నాడి చూచిన పాదముల చల్లదనము తెలియదు.

నీరు పట్టుటలో గూడ శ్రద్ధ కావలెను. సీసా ముందుగా క్రిమిరహితము చేయబడి యుండవలెను. నల్లా మూతిని తుడిచి, లోహపుదైన మంటతో కాల్చి, రెండు నిమిషములు నీరు వదలి, పిదప పట్టవలెను. సీసా మూతికి గాని, మూత లోపలి భాగమునకు గాని వ్రేలు తగులరాదు. ప్రయోగశాలకు పంపు నీటిలో క్లోరినున్నచో అది దారిలో క్రిములను చంపి, ఫలితమును తారుమారు చేయును. అందుచే సీసాలో ముందే కొంచెము సోడియం థయోసల్ఫేటు వేసియుంతురు. సీసాపై తేదీ, గంట, చోటు వ్రాసి, చల్లని పెట్టెలో పెట్టి, ఆరు గంటలలో చేర్చుట మేలు. ఇరువదినాలుగు గంటలు మించరాదు. అజాగ్రత్తగా పట్టిన నీరు మంచి ట్యాంకుమీద నింద వేయును. చెడ్డదానిని వెనకేసికొని వచ్చును.

సీసా నల్లబడిన ఏమి చేయవలెను? ముందుగా భయపడి దాచిపెట్టరాదు. ఆ నీరు త్రాగువారికి వెంటనే తెలిపి, కాచి త్రాగుమని చెప్పవలెను. నీరు తెర్లుచు ఒక నిమిషము మరిగిన చాలును. పిదప పగిలిన గొట్టము వెదకవలెను, ట్యాంకు కడుగవలెను, మందు కలుపవలెను. లెక్క సులభము. మంచి బ్లీచింగు పొడిలో నూటికి ఇంచుమించు 33 పాళ్ళు క్లోరినుండును. అట్టి పొడి 1,000 లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున కావలెను. 40,000 లీటర్ల ట్యాంకునకు 100 గ్రాములు. పొడిని అట్లే చల్లక, బకెట్టులో ముద్దగా కలిపి, నీరు పోసి, సున్నము అడుగునకు దిగిన పిదప పైతేటను మాత్రమే పోయవలెను. గంటసేపు ఆగి క్లోరిను పరీక్షించి నీరు వదలవలెను. సంచి తెరచి నెలలు గడచిన పొడిలో బలము తగ్గిపోవును. అందుచేత తూచి వేసితిమన్న చాలదు. వేసిన పిదప పరీక్షింపవలెను. దోషము తొలగినదని మరల సీసా చెప్పువరకు పని ముగియలేదు.

పరీక్ష ఎంత ముఖ్యమో, పరీక్ష లెక్కను సత్యముగ వ్రాయుట అంత ముఖ్యము. కెనడా దేశమున వాకర్టన్ అను చిన్న పట్టణము కలదు. 2000 సంవత్సరము మే నెలలో పెద్ద వానలు కురిసి పశువుల పేడ కలిసిన నీరు ఒక బావిలో చేరెను. అందు ఈ-కోలైలోని ప్రమాదకరమైన జాతి యొకటి యుండెను. ఏడుగురు మరణించిరి; 2,300 మందికి పైగా జబ్బుపడిరి. విచారణలో తేలినదేమనగా, నీటి నిర్వాహకులు క్లోరినును సరిగా కొలువకయే ఏండ్ల తరబడి పుస్తకములో అంకెలు కల్పించి వ్రాయుచుండిరి. నీరు చెడినదని ప్రయోగశాల తెలిపిన పిదప గూడ ఆ మాటను ఆరోగ్యాధికారుల నుండి దాచిరి. సంపన్న దేశము, చదువుకొన్న జనము, యంత్రములకు కొదువ లేదు. దొంగలెక్క ఒక్కటే ప్రాణములు తీసినది. సొమ్ములో దొంగలెక్క వ్రాసిన ధనము పోవును. నీటిలో వ్రాసిన పిల్లలు పోవుదురు.

"మా తాతలు చెరువునీరు త్రాగి నూరేండ్లు బ్రతికిరి, ఈ పరీక్షలన్నియు ఎందులకు?" అను ప్రశ్న ఊళ్ళలో తరచు వినబడును. నూరేండ్లు బ్రతికిన తాతను ఊరంతయు ఎరుగును. ఆ తాత తోబుట్టువులలో పాలుత్రాగు వయసున వాంతులు విరేచనములతో పోయినవారెందరో ఎవరును లెక్కపెట్టలేదు. వారు రచ్చబండకు వచ్చి సాక్ష్యము చెప్పలేరు. బ్రతికినవారి మాటలు మాత్రమే విని వ్రాసిన లెక్క సగము లెక్క. పెద్దవాడు ఒక దినము విరేచనములతో బాధపడి మరల పొలమునకు పోవును. ఏడాది బిడ్డకు ఆ ఒక్క దినమే ఎక్కువ కావచ్చును. నీటి పరీక్ష ముఖ్యముగా మాటలు రాని ఆ బిడ్డల పక్షమున చేయు పరీక్ష.

మరికొందరు ఇది సర్కారు పని యందురు. సర్కారు పని అగుట నిజమే. 2019 ఆగస్టు 15న ప్రకటింపబడిన జల జీవన్ మిషన్ నియమముల ప్రకారము నీటి వనరులకు ఏటా ఒకసారి రసాయన పరీక్షయు, వానకాలమునకు ముందొకసారి వెనుకొకసారి క్రిమి పరీక్షయు జరుగవలెను. పరీక్షపెట్టెతో నీటిని పరీక్షించుటకు గ్రామమునకు ఐదుగురికి, ముఖ్యముగా స్త్రీలకు, శిక్షణ ఇయ్యవలెనని గూడ నిర్ణయించిరి. నీటిని తెచ్చునది, నిలువయుంచునది, బిడ్డలకు పోయునది స్త్రీలే గనుక ఈ నిర్ణయము మిక్కిలి ఉచితము. కాని ఏటికి రెండు పరీక్షలు నేలకు పునాదిరాళ్ళ వంటివి మాత్రమే. గోడ ఊరివారు కట్టుకొనవలెను.

సమయములు గూడ ఎరిగి పరీక్షింపవలెను. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన కుంభవృష్టికి ఆకేరు వాగు పొంగి మరిపెడ మండలములోని సీతారాం తండా నీటమునిగెను. కేసముద్రము దరిని రైలుకట్ట కొట్టుకొనిపోయెను. అట్టి వరదల పిదప బావులను, బోర్లను, గొట్టములను పరీక్షింపక త్రాగుట సాహసము. అట్లే మహాశివరాత్రికి వీరభద్రస్వామి జాతరకు వేలాది జనము కురవికి వత్తురు. వచ్చినవారందరు ఊరి నీరే త్రాగుదురు. జాతరకు వారము ముందు ట్యాంకులకు, చలివేంద్రపు కుండలకు, అమ్మకపు డబ్బాలకు పరీక్ష జరిగిన, స్వామి దర్శనమునకు వచ్చిన యాత్రికుడు రోగము మూటగట్టుకొని పోడు.

చివరగా ఒక సూచన. గ్రంథాలయములో వార్తాపత్రికలుంచు బల్లపై ఒక నీటి చిట్టా ఉంచవచ్చును. అందు ఆరు గళ్ళు చాలును: తేదీ, నీరు పట్టిన చోటు, క్లోరిను అంకె, సీసా ఫలితము, తీసికొన్న చర్య, పరీక్షించినవారి సంతకము. ఊరి ట్యాంకు, చివరి నల్లా, బడి, అంగన్‌వాడీ, వాటర్ ప్లాంటు, తండా అను ఆరు చోట్ల నెలకొక సీసా చొప్పున పెట్టిన, ఏడాదికి 72 సీసాలు. ఒక కుటుంబము ఆసుపత్రిలో గడపు కొన్ని దినముల ఖర్చు ముందు ఇది లెక్కలోనిది కాదు. చిట్టాలో నల్లబడిన సీసాను గూడ దాచక వ్రాయవలెను. అది ట్యాంకు నడుపువానిపై నేరారోపణ కాదు, వానికి తోడ్పాటు. వాటర్ ప్లాంటు యజమానికిని ఇది మేలే. చిట్టాలో మంచి పేరు తెచ్చుకొన్న ప్లాంటుకు వేరు ప్రకటన అక్కరలేదు. బడి పిల్లలు పెట్టెలో రంగులు పోల్చుట నేర్చిరా, ఒక తరము గడచుసరికి "నీరు తేటగా ఉన్నది" అను మాటకు బదులు "నీరు పరీక్షింపబడినది" అను మాట ఊరి వాడుకలోనికి వచ్చును.

పుస్తకమును చదివినంతనే విద్య రాదని, చదివినదానిని ఆచరణలో పెట్టినప్పుడే వచ్చునని పాఠకులెరుగుదురు. నీటికిని ఇదే న్యాయము. చిల్లగింజను అరగదీసినవాని బిందెలోనే నీరు తేరినది. శుద్ధజలమును పరీక్షించుకొన్న ఊరిలోనే అది శుద్ధజలమగును. రానున్న వానకాలమునకు ముందే కురవి గ్రంథాలయపు బల్లపై ఆ చిట్టా మొదటి పుట నిండునని ఆశింతము.

శుభము.